ఆఖరి గడి ఖాళీగా వదిలేయండి

ప్రభుత్వ బడి టీచర్ల లెసన్ ప్లాన్ పుస్తకాలు ఎప్పుడైనా తిరగేశారా? పాఠం పేరు, పీరియడ్ల సంఖ్య, సాధించాల్సిన సామర్థ్యాలు, బోధనా వ్యూహాలు, సామగ్రి అన్నీ అయ్యాక ఆఖర్న ఒక గడి ఉంటుంది. దాని పేరు ‘ఉపాధ్యాయుని ప్రతిస్పందనలు’. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో వచ్చిన విద్యా ప్రణాళిక పరిధి పత్రం, దాని వెనకాలే వచ్చిన నిరంతర సమగ్ర మూల్యాంకనం ఈ గడికి మన బళ్ళలో చోటిచ్చాయి. పాఠం చెప్పేశాక టీచరు కాసేపు ఆగి, పిల్లలకి ఏది అందింది, ఏది అందలేదు, ఎందుకు అందలేదు అని తనకోసం రాసుకోవాలని ఉద్దేశం. చాలా మంచి ఉద్దేశం.

మరి ఆ గడిలో ఏముంటుంది? గోదావరి జిల్లాల్లో చుట్టాల్లోనో స్నేహితుల్లోనో ఒక టీచరు లేని ఇల్లు దొరకడం కష్టం కాబట్టి, మీరే అడిగి చూడొచ్చు. నేను చూసిన పుస్తకాల్లో కాస్త అటూ ఇటూగా ఇవే వాక్యాలు: “విద్యార్థులు ఉత్సాహంగా పాల్గొన్నారు. ఆశించిన సామర్థ్యాలు సాధించబడినవి. వెనుకబడిన విద్యార్థులకు పునర్బోధన చేయడమైనది.” తెలుగు పద్యానికీ అవే, భిన్నాలకీ అవే, కిరణజన్య సంయోగక్రియకీ అవే. మార్చిలో చెప్పబోయే పాఠానికి జూన్‌లోనే ప్రతిస్పందించేసిన పుస్తకాలు కూడా ఉన్నాయి.

ఆ వాక్యాల వ్యాకరణం ఒకసారి చూడండి. ‘సాధించబడినవి.’ ‘చేయడమైనది.’ ఎవరు సాధించారు? ఎవరు చేశారు? ఇవి తాసీల్దారు ఆఫీసు ఫైళ్ళలోంచి బడిలోకి నడిచొచ్చిన క్రియలు. టీచరు తన పని గురించి తాను రాసుకునే చోట ‘నేను’ అన్న మాటే లేదు. ‘నేను’ లేని చోట ‘నాకు తెలియలేదు’ అన్న మాట ఎలా వస్తుంది?

ఇక్కడ టీచర్లని చూసి నవ్వుకోవడం తేలిక. నా తగువు వాళ్ళతో తరవాత. ముందు ఆ గడితో. ఆ గడి తీసేయాలంటాను. తీసేశాక టీచర్లు ‘హమ్మయ్య’ అనుకుని కూర్చుంటే అది ఇంకా పెద్ద తప్పు అంటాను. ఈ రెండు మాటలూ ఒకదానికొకటి అడ్డం కావు. ఎలాగో చెప్తాను.

*

ముందు ఆ గడి ఎవరికోసం ఉందో చూద్దాం. హెడ్మాస్టరు సంతకం పెడతారు. ఎంఈవో వచ్చినప్పుడు చూస్తారు. పై నుంచి ఏదైనా బృందం వస్తే వాళ్ళూ చూస్తారు. అంటే టీచరు తన లోటు గురించి రాయాల్సిన కాగితాన్ని చదివేది అతని పనికి విలువకట్టే మనిషి. “ఈరోజు సంధులు చెప్పాను, క్లాసులో సగం మందికి ఎక్కలేదు, ఎందుకో నాకు అర్థం కాలేదు” అని ఎవరైనా నిజాయితీగా రాస్తే ఏమవుతుంది? సగం మందికి ఎక్కలేదన్న ముక్క మీద ఎర్ర గీత పడుతుంది. సంజాయిషీ అడుగుతారు. తోటి టీచర్లు “మీకెందుకండీ ఇవన్నీ, అందరూ రాసేదే రాసెయ్యండి” అని బుద్ధి చెప్తారు. ఆ సలహాలో తప్పు పట్టడానికేం లేదు. పైవాడు చదివే కాగితం మీద ఎవరూ తమ పని సరిగ్గా సాగలేదని రాయరు. టీచరే కాదు, బ్యాంకు క్లర్కు రాయడు, సాఫ్ట్‌వేర్ ఇంజనీరు రాయడు. ఏడాది చివర అప్రైజల్ ఫారం నింపే మీకు ఈ సంగతి నేను చెప్పక్కర్లేదు.

అమెరికన్ తాత్వికుడు జాన్ డ్యూయీ 1910లో ఆలోచన గురించి రాస్తూ, అసలు ఆలోచన మొదలయ్యేది సందేహం దగ్గర, తికమక దగ్గర అన్నాడు. 1983లో డొనాల్డ్ షాన్ అదే దారిలో ఇంకొంచెం ముందుకెళ్ళి, పనిమంతుడు పని చేస్తూనే తన పనిని ఎలా విచారించుకుంటాడో ఒక పుస్తకమంతా రాశాడు. మన జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2009 పత్రంలో కూడా ఈ వాసన గట్టిగానే ఉంది. అలా సముద్రాలు దాటి, ఢిల్లీ దాటి, హైదరాబాదు దాటి, మన మండలానికి చేరేసరికి సందేహం పోయి గడి మిగిలింది. సందేహానికి సంతకం, స్టాంపు ఉండవు కాబట్టి దాన్ని రిజిస్టర్లో ఎక్కించడం మనవాళ్ళకి చేతకాలేదు.

ఈ జబ్బు బీఎడ్‌లోనే అంటుకుంటుంది. మైక్రో టీచింగ్ రికార్డు, అబ్జర్వేషన్ రికార్డు, యాక్షన్ రీసెర్చ్ రికార్డు. పదిహేను నిమిషాల పాఠానికి పదిహేను పేజీల అలంకారం. వాటిని సొంతంగా రాసేవాళ్ళెందరో, డబ్బులిచ్చి రాయించుకునేవాళ్ళెందరో ఆ కాలేజీల పక్క జిరాక్సు షాపుల వాళ్ళకి బాగా తెలుసు. తన పాఠాన్ని తాను గమనించుకోవడమంటే ఎవరికో చూపించే రికార్డు తయారుచెయ్యడం అని ఉద్యోగంలో చేరకముందే నేర్పేశాం.

ఆ తరవాత ఫోన్ వచ్చింది. హాజరుకి ఫోటో, మధ్యాహ్న భోజనానికి ఫోటో, మరుగుదొడ్లకి కూడా ఫోటో. 2021లో ప్రపంచ బ్యాంకు 25 కోట్ల డాలర్ల అప్పుతో మన రాష్ట్రంలో ‘సాల్ట్’ పథకం మొదలైంది. క్లాసులో కూర్చుని టీచరు పాఠాన్ని పరిశీలించి అంకెలు వేసే ‘టీచ్’ అనే పద్ధతి కూడా వచ్చింది. ఆ పద్ధతి గమనించమనే విషయాలు చెడ్డవేం కావు: టీచరు పిల్లలతో మర్యాదగా మాట్లాడుతున్నారా, అర్థమైందో లేదో కనుక్కుంటున్నారా, ఆలోచింపజేసే ప్రశ్నలు అడుగుతున్నారా. కానీ వెనక బెంచీలో కూర్చున్న మనిషి నాకు వేసిన అంకె నా ఆలోచన అవ్వదు. అది నా గురించి ఇంకొకరి ఆలోచన. దాన్ని చూసి నేను భయపడొచ్చు, పొంగిపోవచ్చు, వచ్చేసారి ఆ మనిషి వచ్చిన రోజున బాగా నటించొచ్చు. ఈ మూడూ నేర్చుకోవడం కిందికి రావు.

*

అసలు ఇన్‌స్పెక్టరు అనేవాడు ఉపయోగపడడా? ఉపయోగపడతాడు. దానికి సాక్ష్యం మన చరిత్రలోనే ఉంది, దాని ముగింపు రాజమండ్రిలోనే జరిగింది.

1906-07 ప్రాంతంలో జె.ఎ. యేట్స్ అనే ఇంగ్లీషాయన ఉత్తర జిల్లాల స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా ఉండేవాడు. తెలుగు నేర్చుకుంటున్నాడు. ఆయనకి ఒక అనుమానం వచ్చింది. జనం మాట్లాడే తెలుగు ఒకలా, బడి పుస్తకాల్లో తెలుగు ఇంకోలా ఎందుకుంది? ఈ ప్రశ్నని ఆయన గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు, పి.టి. శ్రీనివాస అయ్యంగారు వంటివాళ్ళ ముందు పెట్టాడు. ఈ ప్రశ్నకి మార్కుల్లేవు. నింపాల్సిన గడి లేదు. అడిగినవాడికి జవాబు నిజంగానే తెలియదు. తెలుసుకోవాలని అడిగాడు. ఇన్‌స్పెక్టరు నోట ఇలాంటి ప్రశ్న విని మన టీచర్లకి ఎన్నాళ్ళయింది?

అప్పటికి గిడుగు కొత్త పంతులేం కాదు. 1880లో పర్లాకిమిడిలో ఉద్యోగంలో చేరినవాడు. పాతికేళ్ళ పైచిలుకు సర్వీసు. ఆ సర్వీసు ఉన్నవాళ్ళు సాధారణంగా ఏమంటారు? “నా అనుభవంలో ఇలాంటి బ్యాచ్ చూళ్ళేదు, పిల్లలు మొద్దులైపోతున్నారు.” గిడుగు ఆ ప్రశ్నని పట్టుకుని తిరగేశాడు. పిల్లలు తెలుగు సరిగ్గా రాయలేకపోతున్నారంటే లోపం పిల్లల్లో ఉందా, మనం రాయమంటున్న తెలుగులో ఉందా అని చూశాడు. శాసనాలు తిరగేశాడు, తాళపత్రాలు తిరగేశాడు. చివరికి పిల్లల నోటుబుక్కుల మీద తిరిగే ఎర్ర సిరాని పండితుల పుస్తకాల మీదికి తిప్పాడు. గ్రాంథికం తప్పుల్లేకుండా రాయడం దాన్ని కాపాడతామనే పండితులకే చేతకావడం లేదని వాళ్ళ రచనల్లోంచే ఉదాహరణలు తీసి చూపించాడు. పంతుళ్ళకే రానిది పదేళ్ళ పిల్లాడికి రాలేదని బెత్తం తీయడం ఏం న్యాయం?

ఇదే గిడుగు సవరల భాష నేర్చుకున్నాడు, సవర పిల్లల కోసం బళ్ళు నడిపాడు, వాచకాలు రాశాడు. పిల్లాడి నోట్లో ఉన్న భాష దగ్గర మొదలుపెట్టాలన్న పట్టుదల ఆయనకి అటు కొండల్లోనూ ఒకటే, ఇటు మైదానంలోనూ ఒకటే.

ఎదుటివాళ్ళు సామాన్యులేం కాదు. కోనసీమ మనిషి జయంతి రామయ్య పంతులు గ్రాంథిక పక్షానికి పెద్ద దిక్కు. వాడుక భాషని రానిస్తే ఊరికో తెలుగు తయారై భాష ముక్కలవుతుందని ఆ పక్షం భయం. అది దురుద్దేశంతో పుట్టిన భయమని నేననను. స్కూల్ ఫైనల్ పరీక్షలో పిల్లలు ఏ తెలుగు రాయాలన్న తగువు మద్రాసు దాకా వెళ్ళింది. 1914లో గురజాడ తన అసమ్మతి పత్రం రాశాడు. పరీక్షల్లో, పాఠ్యపుస్తకాల్లో వాడుక తెలుగు నిలదొక్కుకోడానికి ఆ తరవాత ఇంకా దశాబ్దాలు పట్టింది.

నాకు ఈ కథలో అన్నిటికంటే పెద్ద సంగతి 1919 ఫిబ్రవరి 28న రాజమండ్రిలో జరిగింది. ఆరోజు వర్తమాన వ్యావహారికాంధ్ర భాషా పరివర్తక సమాజం ఏర్పడింది. గిడుగు అందులో ముఖ్యుడని వేరే చెప్పక్కర్లేదు. అధ్యక్షుడు ఎవరు? కందుకూరి వీరేశలింగం.

ఆ పేరు అక్కడ ఉండటం ఎంత పెద్ద విషయమో ఒకసారి ఆలోచించండి. వీరేశలింగం కోరంగిలో, ధవళేశ్వరంలో, తరవాత రాజమండ్రి కాలేజీలో పాఠాలు చెప్పినవాడు. పెదవులు తగిలే అక్షరం ఒక్కటీ లేకుండా ‘శుద్ధాంధ్ర నిరోష్ఠ్య నిర్వచన నైషధం’ రాసిన చెయ్యి ఆయనది. చిన్నయసూరి వదిలేసిన నీతిచంద్రిక భాగాలు సూరి బాణీలోనే పూర్తిచేసిన చెయ్యి అది. తరవాత ‘వివేకవర్ధని’ నడుపుతూ జనానికి చేరాలంటే ఈ భారం మొయ్యకూడదని కొంత దించుకుంది కూడా ఆ చెయ్యే. అయినా ఆయన వ్యాకరణం గ్రాంథిక వ్యాకరణమే, ఆయన పుస్తకాలు చదివి పాసైన తరాలు గ్రాంథికం రాసిన తరాలే. అలాంటి మనిషి, డెబ్భయ్యో ఏట, బడిలో ఇక మనం రాసే తెలుగు మారాలి అనే సంఘానికి పెద్దగా కూర్చున్నాడు. మూడు నెలలకి, మే 27న, మద్రాసులో పోయాడు.

వీరేశలింగం విగ్రహానికి దండలు వేసే ఊరు ఆయన్ని వితంతు వివాహాల కోసం గుర్తుపెట్టుకుంది. న్యాయమే. కానీ ఒక టీచరుగా ఆయన చేసిన ఈ ఆఖరి పని గుర్తుపెట్టుకున్నవాళ్ళు తక్కువ. జీవితమంతా నేర్పినదాన్ని జీవితం చివర్లో మళ్ళీ బల్ల మీద పరిచి, ఇది పిల్లలకి పనికొస్తోందా అని చూడటం. ఇదీ ప్రతిస్పందన అంటే. దానికి ఏ ఎంఈవో సంతకమూ లేదు.

*

అదంతా వందేళ్ళ నాటి భాషా వివాదం, ఇప్పుడు మా ఆరో తరగతి లెక్కల క్లాసుకి దానితో పనేమిటి అంటారా? చాలా ఉంది.

2020 నుంచి మన బళ్ళలో పాఠ్యపుస్తకాలు రెండు భాషల్లో వస్తున్నాయి. ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. టీచరు ఏ పేజీలో పాఠం చెప్తున్నారు? పిల్లాడు ఏ పేజీలో ఆలోచిస్తున్నాడు? పరీక్షలో ఏ పేజీ రాస్తాడు? ఇంగ్లీషు మీడియం కావాలా వద్దా అని టీవీల్లో, కోర్టుల్లో, వెబ్ పత్రికల్లో మనం బోల్డంత కొట్టుకున్నాం. ఆ కొట్లాట ఎటు తేలినా, రేపు పొద్దున్న తొమ్మిదిన్నరకి క్లాసులో నిలబడే టీచరు తనని తాను అడగాల్సిన ప్రశ్న మారదు. యేట్స్ అడిగిందే అది: వీడు మాట్లాడేదానికీ నేను రాయమంటున్నదానికీ మధ్య ఎంత దూరం ఉంది, ఆ దూరం దాటడానికి నేనేం వంతెన వేశాను?

గోదావరి వాళ్ళకి దీని గురించి ఇంకో మాట చెప్పాలి. మనకి మన తెలుగే తెలుగు అనే ధీమా ఉంది. కృష్ణా గోదావరి జిల్లాల చదువుకున్నవాళ్ళ మాటే తరవాత పుస్తకాల భాష అయింది కాబట్టి ఆ ధీమా ఇంకా గట్టిపడింది. గిడుగు వాడుక భాష కోసం పోట్లాడితే, ఆ గెలుపులో మనం ఒక కొత్త గ్రాంథికం తయారుచేసుకున్నాం. మత్స్యకారుల పేట నుంచి వచ్చిన పిల్ల మాట ‘యాస’. పోలవరం ముంపుకి ఊరు పోయి పునరావాస కాలనీకి చేరిన కొండరెడ్డి పిల్లాడి మాట ‘అసలు తెలుగే కాదు’. ఆ పిల్లాడు ఏడాదంతా నోరు విప్పకపోతే “మొద్దు, మందకొడి” అని రాసేస్తాం. ఆఖరి గడిలో మాత్రం ‘విద్యార్థులు ఉత్సాహంగా పాల్గొన్నారు’.

లెక్కల్లోంచి ఒక చిన్న ఉదాహరణ. ‘రెండు వందల మూడు’ అంకెల్లో రాయమంటే చిన్న తరగతుల్లో కొందరు పిల్లలు 2003 అని రాస్తారు. ఎర్ర ఇంటూ కొట్టి సున్నా వెయ్యడం ఒక సెకను పని. కానీ ఆ తప్పు చూడండి, ఎంత బుద్ధిగా ఉందో. రెండు వందలు అంటే 200. పక్కన మూడు. విన్నది విన్నట్టు వరసగా రాశాడు. వాడికి తెలుగు వచ్చు, అంకెలు వచ్చు. అంకె స్థానాన్ని బట్టి విలువ మారుతుందన్న ఒక్క సంగతే ఇంకా అందలేదు. ఆ తప్పు మనకి చెప్తున్నది పిల్లాడు మొద్దని కాదు, మన పాఠం ఎక్కడ ఆగిపోయిందో చెప్తోంది. ఇంత స్పష్టంగా, ఇంత ఉచితంగా ఏ శిక్షణా చెప్పదు. ఎంఈవో చెప్పలేడు, ప్రపంచ బ్యాంకు చెప్పలేదు. పిల్లాడే చెప్పాడు. మనం ఇంటూ కొట్టి పేజీ తిప్పేశాం.

*

ఇప్పుడు టీచర్లతో నా తగువు.

“అసలు ఇంట్లో చదువు వాతావరణం లేదండీ. తల్లి కువైట్‌లో, తండ్రి తాగుడు, అమ్మమ్మ దగ్గర పెరుగుతున్నాడు. మేమేం చేస్తాం?” కోనసీమలో, పశ్చిమ డెల్టాలో ఈ మాట ఎన్నిసార్లు విన్నానో. ఇందులో అబద్ధం లేదు. గల్ఫుకి వెళ్ళిన తల్లులు నిజం, వరదొస్తే పడవ దాటాల్సిన లంక ఊళ్ళు నిజం. ఆ నిజం తెలిసిన టీచరు ఆ పిల్లాడికి పాఠం ఎలా చెప్పాలో ఇంకొంచెం ఎక్కువ ఆలోచించాలి కదా? మనం అదే నిజాన్ని ఆలోచించడం ఆపడానికి వాడుకుంటున్నాం. అమ్మమ్మ దగ్గర పెరిగే పిల్లాడికి ఇంట్లో చెప్పేవాళ్ళు లేరని తెలిసీ హోంవర్కు మీదే పాఠం నిలబెడితే, ఆ పథకం వేసింది కువైట్‌లో ఉన్న తల్లి కాదు.

“మా రిజల్ట్స్ చూడండి.” ఇది ప్రైవేటు వైపు నుంచి వచ్చే జవాబు. ఊళ్ళో ప్రతి ఫ్లెక్సీ మీదా ర్యాంకులే. మార్కుల్ని బట్టి పిల్లల్ని సెక్షన్లుగా విడగొట్టి, పై సెక్షన్‌కి మంచి లెక్చరర్లనిచ్చి, కింది సెక్షన్‌ని గాలికొదిలేసి, పై సెక్షన్ ఫలితాల్ని కాలేజీ ప్రతిభ అని ఊరంతా అంటిస్తారు. ప్రతి వారం పరీక్ష పెట్టి ప్రతి పిల్లాడి మార్కులూ ఎక్సెల్‌లో దాచుకునే ఆ చోట్ల, “కింది సెక్షన్‌కి మనం చెప్పే తీరు ఏంటి?” అని ఒక్క మీటింగులోనైనా ఎవరైనా అడిగారా? అంకెలు ఎన్ని పోగుచేసినా అడిగేవాడు లేకపోతే అవి అంకెలే.

“టైమెక్కడిదండీ?” ఈ ఒక్క మాట దగ్గర నేను ఆగుతాను. ఒకే టీచరు ఐదు తరగతులు చూసుకునే బళ్ళు ఉన్నాయి. యాప్‌ల పని, సర్వేల పని, ఎన్నికల పని. ఇంటికెళ్ళాక వాట్సాప్ గ్రూపులో ‘అర్జెంట్’ అని మెసేజీ. ఇది నిజమైన కష్టం. సంఘాలు పీఆర్సీ కోసం, డీఏ కోసం, బదిలీల కోసం ధర్నాలు చేశాయి, చెయ్యాలి కూడా. అయితే “మా పాఠం గురించి మేం మాట్లాడుకోడానికి మాకు వారానికో పీరియడ్ కావాలి” అని ఎందుకు అడగరు? అడగనంతకాలం, ‘టైం లేదు’ అన్న మాటలో కొంత కష్టం, కొంత సౌకర్యం కలిసే ఉంటాయి.

*

మరేం చెయ్యమంటావు అని అడుగుతారు. గడి తీసేశాక దాని చోట ఏం పెట్టాలో చెప్తాను. ఒక్కదానికీ సర్క్యులర్ అక్కర్లేదు.

ఒకటి: సొంత నోటుబుక్కు. ఎవరికీ చూపించనిది. పైవాళ్ళు అడిగినా ఇవ్వనని చెప్పే హక్కు ఉన్నది. అందులో రోజూ రాయక్కర్లేదు. పిల్లల తప్పుల్లో మీకు వింతగా అనిపించినవి రాయండి, 2003 లాంటివి. ఒక్కో తప్పు పక్కన ఒక ప్రశ్న: వీడి ఆలోచన ఏ దారిన వెళ్తే ఇక్కడికొచ్చాడు? నెలకి పది తప్పులు రాసినా మీ సబ్జెక్టు గురించి బీఎడ్‌లో నేర్చుకోనిది నేర్చుకుంటారు.

రెండు: చేతిలో ఎలాగూ ఫోన్ ఉంది. మరుగుదొడ్డి ఫోటో తీసిన ఆ ఫోన్‌లోనే ఒక పీరియడ్ మీ గొంతు రికార్డు చేసుకోండి. ఇంటికెళ్ళి వినండి, వినేశాక చెరిపేయండి. ఎంతసేపు మీరు మాట్లాడారు, ఎంతసేపు పిల్లలు? ప్రశ్న అడిగాక ఎన్ని సెకన్లు ఆగారు? 1970ల్లో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు అమెరికా బళ్ళలో ఇదే కొలిచింది. టీచర్లు ప్రశ్న అడిగి సగటున ఒక్క సెకను ఆగుతున్నారు. మూడు సెకన్లకి పెంచితే పిల్లల జవాబులు పొడుగయ్యాయి, అంతవరకు చెయ్యెత్తని పిల్లలు చెయ్యెత్తారు. రెండు సెకన్ల మౌనం. దీనికి బడ్జెట్ అక్కర్లేదు.

మూడు: ఆ రికార్డు వింటూ మీరు ఎవరెవరిని పేరు పెట్టి పిలిచారో కాగితం మీద రాయండి. ఏ బెంచీ వాళ్ళు? ఆడపిల్లలెందరు? ఏ పేట పిల్లలు? ఎవరిని “ఒరేయ్ నువ్వే, చివర” అని పిలిచారు? ఇది చాలా ఇబ్బంది పెట్టే లెక్క. మన డెల్టా ఊళ్ళలో కాలవకి ఏ గట్టున ఎవరుంటారో టీచరుకి తెలుసు. క్లాసులో కూడా అదే గట్టు గీత పడిందో లేదో ఆ కాగితం చెప్తుంది. అందుకే ఈ కాగితం ఏ అధికారి చేతికీ వెళ్ళకూడదు, టీచరు చేతిలోంచి మాత్రం తప్పించుకోకూడదు.

నాలుగు: ఒకరి క్లాసులో ఒకరు కూర్చోవడం. జపాన్ బళ్ళలో ఇది చాలాకాలంగా ఉంది. కొందరు టీచర్లు కలిసి ఒక పాఠం తయారుచేస్తారు, ఒకరు చెప్తారు, మిగతావాళ్ళు చూస్తారు. చూసేది టీచర్ని కాదు, పిల్లల్ని. తరవాత అందరూ కూర్చుని “మన పాఠం” గురించి మాట్లాడుకుంటారు. మన దగ్గర స్కూల్ కాంప్లెక్స్ మీటింగులు పెట్టింది ఇలాంటి పనికే. ఇప్పుడు వాటిలో సర్క్యులర్లు చదివి, టీ తాగి, హాజరు వేయించుకుని వస్తున్నారు. ఆ మీటింగుల్ని టీచర్లు తిరిగి లాక్కోవాలి.

అధికారులకి ఒక్కటే చెప్పాలి. మీరు టీచర్ల ఆలోచనలు చదవాలని ఆశపడకండి. వాళ్ళు ఆలోచించడానికి చోటు, సమయం ఇవ్వండి. బడికి వెళ్ళినప్పుడు యేట్స్‌లా మీకు నిజంగా జవాబు తెలియని ప్రశ్న ఒక్కటి అడగండి. అడిగి, ఎక్కడా రాసుకోకుండా వచ్చేయండి.

*

ఆఖరుగా మన సంగతి, అంటే ఇలాంటి పత్రికలు చదివేవాళ్ళ సంగతి.

మనకి టీచర్లంటే మహా ప్రేమ. సెప్టెంబరు 5 వస్తే ఫేస్‌బుక్ నిండా ‘మా మాస్టారు’ వ్యాసాలు. సర్వేపల్లి రాధాకృష్ణన్ కొన్నాళ్ళు రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీలో పాఠం చెప్పారని ఊరు గర్వంగా చెప్పుకుంటుంది. ‘రైలుబడి’ చదివి కన్నీళ్ళు పెట్టుకుంటాం, పుట్టినరోజులకి పంచిపెడతాం. కానీ అది ఒక విద్యార్థిని జ్ఞాపకం. మనం చదివేవన్నీ దాదాపు అటువైపు నుంచి రాసినవే: బాగుపడినవాళ్ళు తమని బాగుచేసినవాళ్ళ గురించి రాసినవి. బాగుపడనివాళ్ళు రాయరు. వాళ్ళకి రాయడం నేర్పలేదు కదా. 1967లో ఇటలీలో బార్బియానా అనే కొండ ఊరి బడి పిల్లలు ఎనిమిది మంది కలిసి ఒక పంతులమ్మకి పుస్తకమంత ఉత్తరం రాశారు. తమలాంటి పేద పిల్లల్ని బళ్ళు ఎలా తప్పించి బయటికి తోస్తున్నాయో లెక్కలతో సహా చూపించారు. మన డెల్టాలో పదో తరగతి తప్పి రొయ్యల చెరువు మీదికి, ఇటుక బట్టీకి వెళ్ళిన పిల్లాడు అలాంటి ఉత్తరం రాస్తే ఎవరి పేరున రాస్తాడు?

మన దగ్గర బడిపంతులు మీద ఎగతాళి ఉంది. తనూ పంతులే అయిన చిలకమర్తి ‘గణపతి’లో కడుపారా నవ్వించాడు. బడిపంతులు మీద భక్తి కూడా ఉంది. ఈ రెండిటి మధ్యలో, “నిన్న నేను చెప్పిన పాఠం ఇది, ఇక్కడిదాకా వెళ్ళింది, ఇక్కడ ఆగింది” అని ఒక టీచరు తన పని గురించి నేరుగా రాసిన తెలుగు వచనం ఎంత ఉంది? కథలు రాసే టీచర్లు మనకి చాలామంది ఉన్నారు, మంచి కథలే రాస్తున్నారు. వాళ్ళ కథల్లో రైతు ఉంటాడు, వలస ఉంటుంది, కులం ఉంటుంది. రోజుకి ఆరు పీరియడ్లు వాళ్ళు నిలబడే క్లాసు మాత్రం తక్కువగా కనిపిస్తుంది. ఎందుకు? బహుశా అక్కడ కథ చెప్పే మనిషే తీర్పుకి నిలబడాల్సొస్తుంది కాబట్టి.

సంపాదకులు అలాంటి రాతలు అడగాలి. మనం చదవాలి. అందులో తెలియనితనం కనిపిస్తే వెక్కిరించకుండా చదవాలి. వీరేశలింగానికి డెబ్భై ఏళ్ళు వచ్చేదాకా ఆగగలిగే తీరిక ఉండేది. ఈ ఏడాది ఆరో తరగతిలో ఉన్న పిల్లకి ఆ తీరిక లేదు, దానికి ఆరో తరగతి ఒక్కసారే వస్తుంది.

ఆ గడి ఖాళీగా వదిలేయండి మాస్టారూ. ఎవరైనా అడిగితే, ఇంకా ఆలోచిస్తున్నానని చెప్పండి. చెప్పాక, నిజంగానే ఆలోచించండి.